పాత 19 అడుగుల ఫైబర్ పడవకు లాంగ్ షాఫ్ట్ ఇంజిన్: ట్రాన్సమ్ ఎత్తు పెంచితే చాలా, కోసి మళ్ళీ కట్టాలా?

ఎన్నూరు చిన్నోడు · మార్చి 9

అందరికీ నమస్కారం. మేం ఉండేది చెన్నైలో ఎన్నూరు. నాన్నది శ్రీకాకుళం జిల్లా. కాసిమేడు హార్బర్‌కి ట్రాలర్ల మీద కళాసీగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పదేళ్ళుగా సొంత పడవ మీద వెళ్తున్నారు, తోడు మా బాబాయ్. పడవ 19 అడుగుల ఫైబర్‌ది. సునామీ తర్వాత 2005లో పంచిన పడవల్లో ఒకటి, మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. క్రీక్‌లోనే (సముద్రంలో కలిసే ఉప్పునీటి పాయ) కట్టేస్తాం, దాని ముఖద్వారం దాటి సముద్రంలోకి వెళ్తాం.

ఇన్నాళ్ళూ 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఉండేది, షార్ట్ షాఫ్ట్, అంటే నీళ్ళలోకి దిగే ఇంజిన్ కాలు పొట్టిది. అది పాడయ్యాక 15 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఒకటి మంచి ధరకు దొరికితే కొన్నాం. ఇంటికొచ్చాక చూస్తే అది లాంగ్ షాఫ్ట్. మా ట్రాన్సమ్ (ఇంజిన్ తగిలించే పడవ వెనక గోడ) ఎత్తు 15 అంగుళాలు, ఇంజిన్‌కి 20 కావాలి. తగిలించి నడిపాం. పడవ లాగుతోంది కానీ వెనక నీళ్ళు ఎగిరి లోపల పడుతున్నాయి, వేగం రావడం లేదు. పూర్తి యాక్సిలరేటర్‌లో ఇంజిన్ చుట్ల మీటర్ నిమిషానికి 4700 దాటడం లేదు. ఇంజిన్ పుస్తకంలో 5000 నుంచి 6000 ఉండాలని ఉంది.

నాకు అసలు టెన్షన్ వేరే. అల ఎక్కి దిగినప్పుడు ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగుతోంది. క్లాంపులు బిగించే ఉన్నాయి. అంటే ట్రాన్సమే ఊగుతోంది. లోపలి మూలలో వెంట్రుక మందం పగులు కూడా కనిపించింది.

పైన 5 అంగుళాల చెక్క దిమ్మె బోల్టులతో బిగిస్తే సరిపోతుందని ఇక్కడి వడ్రంగి అంటున్నాడు. నాన్న కూడా అదే చాలంటున్నారు. మీరేమంటారు?

కోవళం గాలం · మార్చి 9

దిమ్మె ఎందుకు తమ్ముడూ, ఇంజిన్‌కీ ట్రాన్సమ్‌కీ మధ్య బిగించే అల్యూమినియం జాక్ ప్లేట్ పెట్టెయ్. ట్రాన్సమ్ కోయక్కర్లేదు, ఎత్తు కావలసినంత పెంచుకోవచ్చు. నా గాలం పడవకి అదే ఉంది.

రాయపురం ఫైబర్ · మార్చి 9

బాబూ, ఆ రెండూ ఇప్పుడే చేయకు. ముందు ట్రాన్సమ్ లోపల ఏముందో చూడు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. 2005లో పడవలు చాలా తొందరగా తయారయ్యాయి. కొన్ని బాగానే చేశారు. కొన్నిటిలో ట్రాన్సమ్ లోపల మామూలు ప్లైవుడ్ పెట్టి, పైన రెండు పొరల మ్యాట్ (గాజు పోగుల చాప) వేసి వదిలేశారు. ఇంజిన్ క్లాంపుల కోసం, నీళ్ళు పోయే బెజ్జం కోసం తొలిచిన రంధ్రాల్లో రెజిన్ (ఫైబర్ పొరల్ని పట్టే జిగురు) పూయరు. ఉప్పునీళ్ళు అక్కణ్ణించి చెక్కలోకి దిగుతాయి. బయటికి ఫైబర్ మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క పుచ్చిపోతుంది.

చిన్న సుత్తి తీసుకుని ట్రాన్సమ్ అంతా కొట్టి చూడు. గట్టి చోట ‘టక్ టక్’ మని మోగుతుంది, పుచ్చిన చోట ‘దబ్ దబ్’ అంటుంది. తర్వాత లోపలి వైపు నుంచి 5 మిల్లీమీటర్ల బిట్‌తో నాలుగైదు చోట్ల తొలువు: నీళ్ళ బెజ్జం పక్కన, కింది రెండు మూలల్లో, క్లాంపుల కింద. బయటి ఫైబర్ దాకా పోకుండా బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకో. పొట్టు తెల్లగా, పొడిగా వస్తే చెక్క బాగున్నట్టు. నల్లగా, తడిగా, ముద్దగా వచ్చిందంటే ఇక ఆలోచించేదేం లేదు.

ఎన్నూరు చిన్నోడు · మార్చి 13

ఆదివారం తొలిచి చూశాను. పైన క్లాంపుల దగ్గర పొట్టు కాస్త చెమ్మగా ఉంది కానీ రంగు బాగానే ఉంది. నీళ్ళ బెజ్జం పక్కన బిట్ వెన్నలోకి దిగినట్టు దిగింది. కాఫీ డికాక్షన్ రంగు నీళ్ళు కారాయి. కుళ్ళు వాసన. ఎడమ మూల కూడా అంతే. కుడి మూల గట్టిగా ఉంది.

నాన్న పక్కనే ఉన్నారు. కారిన నీళ్ళు వేలికి రాసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డిసెంబర్ 2023లో మిచౌంగ్ తుపాను అప్పుడు పడవ రెండు రోజులు నీళ్ళలో మునిగి ఉంది, అప్పటి నుంచే అయ్యుంటుందని తర్వాత అన్నారు.

పైభాగం బాగానే ఉంది కదా, కింది భాగం మాత్రమే మార్చి, పైన దిమ్మె పెడితే కుదరదా?

లెక్కల మాస్టారు · మార్చి 13

నేను మెకానికల్ ఇంజినీర్‌ని, పడవల మేస్త్రీని కాను. కానీ ఈ ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది కాబట్టి రాస్తున్నాను.

15 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి యాక్సిలరేటర్‌లో, పడవ ఇంకా కదలని క్షణంలో, సుమారు 150 కిలోల తోపు ఇస్తుందనుకుందాం. ఆ తోపు పుట్టేది నీళ్ళలో తిరిగే ఫ్యాన్ (ప్రొపెల్లర్) దగ్గర. లాంగ్ షాఫ్ట్‌లో ఫ్యాన్ నడిమి ట్రాన్సమ్ పై అంచుకి దాదాపు 65 సెంటీమీటర్ల కింద ఉంటుంది. ఇంజిన్ బ్రాకెట్ ట్రాన్సమ్‌ని రెండు చోట్ల పట్టుకుంటుంది: పైన క్లాంపులు, వాటికి సుమారు 30 సెంటీమీటర్ల కింద బ్రాకెట్ ఆనే చోటు. ఫ్యాన్ కింద ముందుకు తోస్తుంటే బ్రాకెట్ అడుగు ట్రాన్సమ్‌ని లోపలికి నొక్కుతుంది, పై అంచు వెనక్కి లాగబడుతుంది. లెక్క వేస్తే కింద సుమారు 325 కిలోల నొక్కుడు, పైన సుమారు 175 కిలోల లాగుడు. అల మీద ఎగిరి పడేటప్పుడు ఇంజిన్ బరువు కుదుపు దీనికి అదనం. రివర్స్ వేస్తే రెండూ తలకిందులు.

ఇప్పుడు మీ ఆలోచన చూడండి. పైన 5 అంగుళాల దిమ్మె పెడితే, వెనక్కి లాగే ఆ 175 కిలోలు పడేది దిమ్మె మీద. అది పాత అంచు మీద కూర్చుని ఉంటుంది, లోపలి చెక్కతో ఒకే ముక్క కాదు. అతుకు దగ్గర ప్రతి అలకీ కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది, అక్కణ్ణించి మళ్ళీ నీళ్ళు. కింద 325 కిలోలు నొక్కే చోటేమో కుళ్ళిన చెక్కకు దగ్గర. ఎత్తు పెంచాలంటే అడుగు నుంచి కొత్త పై అంచు దాకా చెక్క ఒకే పలకగా ఉండాలి.

జాక్ ప్లేట్‌తో బలహీనమైన ట్రాన్సమ్ బాగుపడదు. అది ఇంజిన్‌ని ఇంకా వెనక్కి జరుపుతుంది కాబట్టి మెలి పెరుగుతుంది. కోవళం గాలం గారి పడవకి గట్టి ట్రాన్సమ్ ఉంది, అందుకే అక్కడ పనిచేస్తోంది.

కోవళం గాలం · మార్చి 14

నిజమే మాస్టారూ. నాది కొత్త పడవ. తమ్ముడూ, నా మాట వదిలెయ్, పుచ్చిన చెక్క మీద ప్లేట్ వద్దు.

భీమిలి కళాసీ · మార్చి 14

చెన్నైలో చాలామంది పొడుగు తోక ఇంజిన్ (పొడుగు కడ్డీ చివర ఫ్యాన్ ఉండేది) వాడతారు కదా. దానికి మారిపోతే ఈ గొడవ ఉండదేమో.

పులికాట్ పడవ · మార్చి 14

అన్నా, అది ఒడ్డున ఇసుక మీదికి తోసే పడవలకి బాగుంటుంది. కెరటాల్లో ఫ్యాన్ పైకెత్తి దూసుకుని ఒడ్డెక్కొచ్చు. వీళ్ళది క్రీక్‌లో కట్టే పడవ, ఇంజిన్ కూడా కొనేశారు. ఈ ఇంజిన్‌కే ట్రాన్సమ్ కట్టుకోవడం మేలు.

ఇంకో మాట. 15 అంగుళాల ట్రాన్సమ్ ముఖద్వారం దగ్గర ఎప్పుడూ భయమే. వెనక నుంచి కెరటం వస్తే ఆ పల్లం లోంచే నీళ్ళు ఎక్కుతాయి. 20కి పెంచితే ఇంజిన్ సరిపోవడమే కాదు, అమరం (పడవ వెనక) వైపు 5 అంగుళాల గోడ కలిసొస్తుంది. మీ నాన్నగారికి ఆ సంగతి చెప్పండి. రోజూ ముఖద్వారం దాటే మనిషికి అది వెంటనే అర్థమవుతుంది.

ఎన్నూరు చిన్నోడు · మార్చి 16

చెప్పాను. “ఐదు అంగుళాలా?” అని అరచేయి నిలబెట్టి చూసుకున్నారు. సరే కోయమన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఎలా చేయాలి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ట్రాలర్లన్నీ మరమ్మతుకి ఎక్కుతాయి, అప్పుడు ఫైబర్ మేస్త్రీలు దొరకరు. అంతకు ముందే అవగొట్టాలి. సాయం మేం పడతాం, నాకు గ్రైండర్ పట్టడం వచ్చు.

రాయపురం ఫైబర్ · మార్చి 16

మంచిది. పెద్దదే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు పడవని ఒడ్డుకెక్కించి సమంగా దిమ్మెల మీద నిలబెట్టు. వంకరగా కూర్చున్న పడవకి ట్రాన్సమ్ కడితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. బయటి ఫైబర్ కోయకు, లోపలి వైపు నుంచే తెరువు. చుట్టూ మూడు అంగుళాల అంచు వదిలి లోపలి పొరని గ్రైండర్‌తో కోసి తీసెయ్. బయటి పొర ఒక్కటే మిగిలాక మెత్తగా ఊగుతుంది, అందుకని కోసే ముందే బయట అడ్డంగా రెండు గట్టి చెక్కలు ఆనించి కట్టు.

పుచ్చిన చెక్క ఉలితో వచ్చేస్తుంది. బాగున్న భాగమే కష్టం, కుడి మూల నీకు సగం రోజు తీసుకుంటుంది. బాగుంది కదా అని వదలొద్దు, మొత్తం తీసెయ్. తర్వాత బయటి పొర లోపలి ముఖాన్ని గరుకుగా గ్రైండ్ చేసి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టు. ఎన్ని రోజులైనా సరే, చేయి పెడితే చల్లగా తగలకూడదు. మాస్కు లేకుండా, చేతులు కప్పుకోకుండా గ్రైండర్ పట్టకు. ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

కొత్త పలకకి 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ రెండు షీట్లు అతికించి 38 చెయ్. షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసుకునే కొను. ఐఎస్ 303 అనేది ఇంటి సామానుకి, పడవకి కాదు. ముందు అట్టతో నమూనా కోసి, లోపల పెట్టి సరిచూసుకుని, దాని ప్రకారం చెక్క కొయ్. పై అంచు 20 అంగుళాలకి వచ్చేలా ఇక్కడే పెంచాలి. కొలత పై అంచు నుంచి పడవ అడుగు దాకా, ట్రాన్సమ్ వాలు వెంట తీసుకో. పెంచిన మేర బయట ఫైబర్ ఉండదు కాబట్టి అక్కడ కొత్త పొరలు కట్టి పాత వాటితో కలపాలి. అతుకు దగ్గర పాత ఫైబర్‌ని వాలుగా గ్రైండ్ చెయ్, మందానికి పన్నెండు రెట్లు పొడవు వాలు ఉండాలి. నిట్టనిలువు అంచుకి అతికిస్తే అక్కడే విరుగుతుంది.

చెక్క అంచులన్నిటికీ రెజిన్ తాగించు, ప్లైవుడ్ నీళ్ళు పీల్చేది అంచుల్లోంచే. బయటి పొరకి అతికించే రెజిన్ ముద్ద ఇడ్లీ పిండి కన్నా గట్టిగా, గారెల పిండిలా ఉండాలి. చెక్కలో అక్కడక్కడ సన్నటి బెజ్జాలు పెట్టు. నొక్కినప్పుడు వాటిలోంచి ముద్ద పైకొస్తే లోపల గాలి లేనట్టు.

తర్వాత మూలలన్నీ అదే ముద్దతో గుండ్రంగా పూడ్చి, లోపల నాలుగు పొరలు వేసి, ప్రక్క గోడల మీదికి, అడుగు మీదికి కనీసం ఆరు అంగుళాలు పాకించు. ట్రాన్సమ్ నుంచి అడుగు దూలాలకి రెండు వైపులా మోకాలు ఆకారంలో ఆనింపు చెక్కలు పెట్టి ఫైబర్ కట్టు. పాత పడవల్లో అవి ఉండవు, ఊగడానికి సగం కారణం అదే.

భీమిలి కళాసీ · మార్చి 17

మా వైపు వడ్రంగులు టేకు పలకే పెడతారు. ప్లైవుడ్ కన్నా టేకు మన్నదా?

రాయపురం ఫైబర్ · మార్చి 17

చెక్క పడవకి టేకు రాజు. ఫైబర్ లోపల మూసి పెట్టడానికి మాత్రం కాదు. పలక చెమ్మకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుంటుంది. ఆ కదలికకి ఫైబర్ పట్టు వదిలేస్తుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువుగా ఉంటాయి కాబట్టి కదలదు. ఈ మధ్య కొందరు తెల్లటి ప్లాస్టిక్ పలక పెడదామంటున్నారు, దానికి ఏ రెజినూ అంటుకోదు.

అంబత్తూరు మెకానిక్ · మార్చి 17

రెజిన్ గురించి ఒక ముఖ్యమైన మాట, దయచేసి అందరూ చదవండి.

పాలిస్టర్ రెజిన్ వాడితే అది గట్టిపడటానికి కోబాల్ట్, క్యాటలిస్ట్ అని రెండు కలుపుతారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో బాగా కలిపాక, వాడే ముందు మాత్రమే క్యాటలిస్ట్ వేయాలి. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టొద్దు, ఒకే కొలత గ్లాసు వాడొద్దు. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళజోడు లేకుండా మూత తీయకండి.

చెక్క అతికించడానికి ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ మంచిది, పాత ఫైబర్‌ని బాగా పట్టుకుంటుంది. కానీ ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అంటదు. కాబట్టి ఎపాక్సీతో మొదలుపెట్టిన పని ఎపాక్సీతోనే ముగించాలి. అప్పుడు మామూలు మ్యాట్ బదులు నేసిన గుడ్డో, కుట్టిన గుడ్డో వాడాలి. మ్యాట్‌లో పోగుల్ని పట్టుకునే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో కరగడానికి చేసింది, ఎపాక్సీలో కరగదు.

ఎన్నూరు చిన్నోడు · మార్చి 29

ఆలస్యానికి క్షమించండి. చెక్క తీయడానికి మూడు రోజులు పట్టింది. అడుగున మిగిలింది చెక్క కాదు, తడిసిన టీ పొడి. నాన్న, బాబాయ్, నేను వంతులేసుకుని గీకాం. తొమ్మిది రోజులు ఆరబెట్టాం.

ఒక తప్పు చేశాను, మీరు చేయకూడదని చెప్తున్నాను. ఎపాక్సీ ముద్ద మొత్తం ఒకేసారి బకెట్లో కలిపాను. మధ్యాహ్నం పన్నెండు, షెడ్డు రేకుల కింద. పావు వంతు పూసేలోపు బకెట్ పొగలు కక్కింది, ముట్టుకోలేనంత వేడి, పది నిమిషాల్లో రాయి అయింది. రెండు వేల రూపాయలకి పైగా సరుకు పోయింది. ఇంకా నయం, చెక్క అప్పటికి పెట్టలేదు, పూసింది గీకేయగలిగాం.

రాయపురం ఫైబర్ · మార్చి 29

ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా, అది చాలు. లోతు గిన్నెలో వేడి బయటికి పోలేక ఇంకా తొందరగా గట్టిపడుతుంది. వెడల్పు ట్రేలో పలచగా పరిచి, కొంచెం కొంచెంగా కలుపు. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టు. నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ అడిగి తెచ్చుకో.

ఎన్నూరు చిన్నోడు · ఏప్రిల్ 6

అలాగే చేశాం. తెల్లవారుజామున నాన్న టార్చి పట్టుకున్నారు, బెజ్జాల్లోంచి ముద్ద ఒక్కొక్కటే పైకి రావడం చూస్తూ లెక్కపెట్టారు. అన్నీ వచ్చాయి. నిన్న మోకాళ్ళు కూడా కట్టాం. పైన ఎక్కి నిలబడి ఊపితే చిన్న కదలిక లేదు.

ఇప్పుడు ఇంజిన్ బిగించాలి. క్లాంపులు చాలా, బోల్టులు కావాలా?

అంబత్తూరు మెకానిక్ · ఏప్రిల్ 6

క్లాంపులు ఒక్కటే నమ్మొద్దు, కుదుపుకి వదులవుతాయి. బ్రాకెట్‌లో బోల్టు రంధ్రాలుంటాయి, 316 స్టెయిన్‌లెస్ (ఉప్పునీటికి తట్టుకునే రకం) బోల్టులు ట్రాన్సమ్ అవతలికి వచ్చేలా వేయండి. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో దొరుకుతాయి, 304 ఇచ్చి పంపకుండా చూసుకోండి. లోపల వెడల్పు వాషర్లు.

రంధ్రం మాత్రం కొత్త చెక్కలోకి నేరుగా తొలిచి బోల్టు దూర్చొద్దు. ముందు పెద్దగా తొలిచి, ఎపాక్సీ ముద్దతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు తొలవండి. అప్పుడు సీలెంట్ కారినా నీళ్ళు చెక్కను తాకవు. నీళ్ళ బెజ్జానికి కూడా అంతే. ఈ కుళ్ళు మొదలైందే అక్కడ. సీలెంట్ పాలీయురెథేన్‌ది వాడండి, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు.

ఇంజిన్ జింకు ముక్క మీద పెయింట్ వేయకండి. అది తాను అరిగిపోయి ఇంజిన్ అల్యూమినియంని కాపాడాలి, పెయింట్ వేస్తే ఆ పని చేయదు. ఇంజిన్‌కి గొలుసు, నడిపేవాళ్ళ చేతికి కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోతుంది) తప్పనిసరి.

లెక్కల మాస్టారు · ఏప్రిల్ 7

బరువు కూడా చూసుకోండి. పాత 8 హార్స్‌పవర్ సుమారు 27 కిలోలు, ఈ ఫోర్ స్ట్రోక్ సుమారు 50. అమరం చివర 23 కిలోలు ఎక్కువైంది. 25 లీటర్ల పెట్రోల్ ట్యాంకు వెనకే ఉంటే నిండుగా ఉన్నప్పుడు పెట్రోలే 18 కిలోలు. దాన్నీ, ఐసు పెట్టెనీ నడిమికి జరపండి.

పులికాట్ పడవ · ఏప్రిల్ 7

రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ వివరాలు మార్పించుకోవడం మర్చిపోకండి. తనిఖీలో పాత నంబరు ఉంటే ఇబ్బంది.

ఎన్నూరు చిన్నోడు · ఏప్రిల్ 12

నిన్న నీళ్ళలో దించాం.

ముందు ఇంజిన్‌ని ఫ్యాన్ పైన ఉండే క్యావిటేషన్ ప్లేట్ పడవ అడుగుతో సమానంగా వచ్చేలా పెట్టాం. నేరుగా వెళ్తే అద్భుతం. మలుపు తిప్పగానే ఫ్యాన్ గాలి మింగి ఇంజిన్ అరిచింది, పడవ లాగడం మానేసింది. ముఖద్వారంలో అలా అయితే ప్రమాదమే. ఏం చేయాలి, కిందికి దించాలా?

రాయపురం ఫైబర్ · ఏప్రిల్ 12

అడుగున నడిమి గట్టు ట్రాన్సమ్ దాకా వచ్చిందా? ఆ గట్టు నీళ్ళని చీల్చి నురగ ఫ్యాన్‌కి పంపుతుంది. ట్రాన్సమ్‌కి రెండడుగుల ముందు నుంచి ఆ గట్టుని క్రమంగా పలచగా చేసి అడుగులో కలిపెయ్. కోసిన చోట ఫైబర్ మళ్ళీ కట్టు, తెరిచి వదలకు. ఇంజిన్ అర అంగుళం కిందికి దించు. రెండూ చెయ్.

ఎన్నూరు చిన్నోడు · ఏప్రిల్ 20

రెండూ చేశాం. ఇప్పుడు పూర్తి మలుపులో కూడా పట్టు వదలడం లేదు. మీటర్ 5300. నాన్న, బాబాయ్, ఐసు, వలలు అన్నీ ఎక్కించి చూసినది. పాత 4700తో పోలిస్తే అదే పెట్రోలుకి ఎక్కువ దూరం వస్తోందని బాబాయ్ అంటున్నారు, ఇంకా కొలవలేదు.

వచ్చేటప్పుడు ముఖద్వారంలో వెనక నుంచి ఒక పెద్ద కెరటం వచ్చింది. నేను వెనక్కి చూశాను, నాన్న చూడలేదు. ట్రాన్సమ్ అంచు దాకా లేచి ఆగిపోయింది. లోపలికి చుక్క రాలేదు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. ఇంజిన్ పైకి రావడంతో చుక్కాని పిడి నాన్న మోచేతి కన్నా ఎత్తుగా ఉంది, గంట పట్టుకుంటే భుజం లాగుతోందట. కూర్చునే పలక నాలుగు అంగుళాలు పెంచుతున్నాం.

కోవళం గాలం · ఏప్రిల్ 20

చాలా సంతోషం తమ్ముడూ. మా పక్క ఊళ్ళో అదే 2005 పడవలు రెండున్నాయి, ఒకటి ఇలాగే ఊగుతోంది. నీ అట్ట నమూనా దాచావా?

ఎన్నూరు చిన్నోడు · ఏప్రిల్ 21

ఉందన్నా, మంచం కింద చాప చుట్టలో పెట్టాను. తీసుకెళ్ళండి. అతికించే ముందు మీ పడవకి ఆనించి సరిచూసుకోండి. మా పడవ కుడి వైపు అర అంగుళం ఎక్కువ ఉంది, దాని మీద పెన్సిల్‌తో రాసి పెట్టాను.